పేరంటాలి గుడ్డతో కుట్టిన జాకెట్టు

నా చేత్తో కుట్టుకున్న మొదటి జాకెట్టుని మా అత్తగారు పొయ్యిలో పెట్టారు. నేను చూస్తుండగానే పెట్టారు. పల్చటి మల్లుగుడ్డ కాబట్టి ఇట్టే అంటుకుంది. గవ్వ బొత్తాలు మాత్రం కాసేపు ఆగి టపటపమని పగిలాయి. ఆవిడ కర్రతో దాన్ని ఇంకా లోపలికి తోసి ఆ మంట మీదే గంజి కాచారు. ఆ గంజి నేను తాగలేదు. తాగనందుకు ఆ పూట అట్లకాడతో వీపు మీద వడ్డించారు.

కోపం నాకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. "దీనికి కోపం ముక్కు మీదే ఉంటుంది, అత్తారింట్లో ఈ ముక్కు మిగలదు" అనేది మా అమ్మ. మిగిలింది. కాకపోతే కొంచెం వంకరగా మిగిలింది. అది మా ఆయన చేతి చలవ.

మా అత్తగారి ఊరు ధవళేశ్వరానికి దిగువన కాలవ గట్టు మీద ఉండేది. వ్యవసాయం ఇల్లు. అంతకు ముందు చనిపోయిన పెళ్ళాం స్థానంలోకి నన్ను రెండో పెళ్ళాంగా తెచ్చుకున్నారు. మొదటావిడ నీళ్ళకి వెళ్ళి కాలవలో జారిపడి పోయిందని చెప్పారు. మా వైపు పసుపు కుంకుమలతో పోయిన ఆడది ఇంటికి పేరంటాలవుతుంది. ఏటా మాఘమాసంలో ఒక రోజు కొత్త కుండకి పసుపు రాసి, చీర చుట్టి, గాజులు తొడిగి, ఆవిడే వచ్చి కూచున్నట్టు పూజ చేస్తారు. ఊళ్ళో ముత్తైదువల్ని పిలిచి భోజనాలు పెడతారు. బతికున్న పెళ్ళాం వంగి ఆ కుండకి దణ్ణం పెట్టాలి. నేనూ పెట్టాను. మనసులో మాత్రం, "నీకేమమ్మా, నీకు చీరలు, నాకు దెబ్బలు" అనుకునేదాన్ని.

కాపరానికి వచ్చిన రెండో ఏడు నాకు ఆరో నెల. ఎడ్లకి కుడితి పెట్టడం ఆలస్యమైందని మా ఆయన కడుపులో తన్నాడు. రాత్రికల్లా బిడ్డ పోయింది. నేనూ పోవాల్సిందే. మంత్రసాని చేతులెత్తేస్తే, నన్ను బండిలో వేసి రాజమంద్రి ఆడవాళ్ళ ఆసుపత్రికి తోలుకెళ్ళారు. అక్కడ ఉన్న డాక్టరు ఒక దొరసాని. తెలుగు బాగానే మాట్లాడేది, కాకపోతే అందర్నీ ఒకేలాగ "నువ్వు" అనేది. కలెక్టరు భార్యనయినా అంతే, నన్నయినా అంతే. ఆ ఒక్క మాటకే నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

నేను లేచి తిరిగేసరికి ఆవిడ అడిగింది, "నువ్వు గట్టి మనిషివి. ఇక్కడ పనికి వస్తావా?" అని. మా ఆయన్ని పిలిపించి చెప్పింది. నెలనెలా జీతం అనగానే ఆయన తల ఊపాడు. పురుళ్ళ మైల కదా, మీ వాళ్ళు ఒప్పుకున్నారా అని అడిగేవాళ్ళు ఊళ్ళో. జీతానికి మైల అంటదండీ. ఇంటికి వచ్చేటప్పుడు నేను కాలవలో ములిగి రావాలి, అంతే.

మొదట్లో గుడ్డలు ఉడకెయ్యడం, నేల కడగడం నా పని. రోజూ గట్టు వెంబడి నడిచి వెళ్ళి, పొద్దు వాలేలోగా తిరిగొచ్చేదాన్ని. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఆ ఇనుము మోతలు ఆసుపత్రిలోకి వినపడేవి. ఆ మోతలో నాకు హాయిగా ఉండేది. అక్కడ ఎవరూ నా మీద చెయ్యి చేసుకోరు. పొద్దస్తమానం ఆ ఇంట్లోనే ఉంటే ఏదో ఒకనాడు నేను చస్తాను, లేదా ఎవర్నో చంపుతాను. రెండూ నాకు తెలుస్తూనే ఉన్నాయి. నా ప్రాణానికి ఆ పని తప్ప ఇంకో దిక్కు లేదు.

ఒకనాడు డాక్టరమ్మగారు నన్ను కాన్పుల గదిలోకి రమ్మన్నారు. గదిలో చెయ్యాలంటే ఒక షరతు. మేం వేసుకునేవి ముడి రవికలు, రొమ్ముల కింద ముడి వేసుకునేవి. వంగితే ముడి వదులవుతుంది, నడుం బయట పడుతుంది, పైట రోగి మీద పడుతుంది. అవి కుదరవన్నారు. మెడ దాకా మూసి, నడుం దాకా దిగి, ముందు బొత్తాలున్న జాకెట్లు రెండు, చీర కింద లోపావడాలు రెండు ఉండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో. అవి లేకపోతే గదిలోకి రావద్దు. నేల కడిగే పనికి కొత్తగా ఒక మనిషిని అప్పటికే మాట్లాడేశారు. అంటే గదిలోకి వెళ్ళాలి, లేదా ఇంట్లో కూచోవాలి.

మల్లుగుడ్డ ఆవిడే ఇచ్చారు. అక్కడ పనిచేసే నర్సమ్మ పాత జాకెట్టు ఒకటి విప్పి, ముక్కల్ని నేల మీద పరిచి, వాటి మీద గుడ్డ పెట్టి బొగ్గుతో గీసుకున్నాను. అంత వరకూ నేను గోతాం నోరు తప్ప ఏదీ కుట్టి ఎరగను. చేతులు అతికించేసరికి కుడిది ఎడంవైపు, ఎడంది కుడివైపు వచ్చింది. వేసుకుని చెయ్యెత్తితే వీపంతా లాక్కుపోయింది. విప్పి మళ్ళీ కుట్టాను. చంక కింద ఒక ముక్క వెయ్యాలని అప్పుడు తెలిసింది. సూది వేళ్ళలో దిగిన చోటల్లా తెల్లగుడ్డ మీద ఎర్రచుక్కలు పడ్డాయి. అయినా బొత్తం కాజాలోంచి దూరి కూచున్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా అత్తగారికి చూపించాలనే తెలివితక్కువ ఆశ కూడా పుట్టింది. ఇంటికి పట్టుకెళ్ళాను.

"బొత్తాలా? కిరస్తానంలో కలిసి వచ్చావంటే" అన్నారు ఆవిడ. పొయ్యి సంగతి ముందే చెప్పాను.

డాక్టరమ్మగారిని మళ్ళీ గుడ్డ అడగడానికి నాకు నోరు రాలేదు. ఇచ్చింది కాల్చేశారని చెప్పడం నాకే సిగ్గు. కాబట్టి గుడ్డ ఎక్కడుందా అని ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో గుడ్డకి కరువు లేదు. వంటింటి పక్క గదిలో పెద్ద భోషాణం ఉంది. నోములకీ పేరంటాలకీ మాకు బొట్టు పెట్టి ఇచ్చిన రవికగుడ్డలన్నీ అందులో పడేసేవారు. వాటిని ఎవరూ కుట్టుకోరు. ఒకరిచ్చింది ఇంకొకరికి బొట్టు పెట్టి ఇచ్చేస్తారు. ఒక ఆకుపచ్చ గుడ్డ ఊరంతా తిరిగి మళ్ళీ మా భోషాణంలోకే రావడం నేను కళ్ళారా చూశాను. అందులో సగం నా నుదుటి బొట్టుకి వచ్చినవే కదా అనుకుని, మా అత్తగారు స్నానానికి కాలవకి వెళ్ళినప్పుడు ఒక కట్ట లాగి ఒళ్ళో దోపుకున్నాను. ఏ ముక్క మూల చూసినా పసుపు మరక ఉండేది. ఏది ఎవరిదో చెప్పే గుర్తంటూ వేరే లేదు.

ఈసారి రెండు జాకెట్లూ ఆసుపత్రి వసారాలోనే కుట్టాను. రవికగుడ్డ ఒక్కటి జాకెట్టుకి చాలదు. వీపుకి ఒక రంగు, ముందుకి ఒక రంగు, ఒకదాని చేతులకి ఎర్ర అంచు ఉన్న చిలకపచ్చ. లోపావడాలకి మా అమ్మ ఇచ్చిన పాత చీర చింపి, బొందు దూర్చాను. బొత్తాలు లేవు. చింతగింజల్ని గుడ్డముక్కల్లో బిగించి చుట్టి కుట్టాను, అవే బొత్తాలు. ప్రతి కుట్టూ రెండుసార్లు వేశాను. ఈసారి ఎవరయినా లాగితే గుడ్డ చిరగాలి గానీ నా కుట్టు ఊడకూడదని పంతం. నన్ను చూసి వార్డులో బాలింతలు నవ్వారు. గంగిరెద్దు వచ్చిందన్నారు. డాక్టరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "బొత్తాలున్నాయి. చాలు. రంగుతో నాకు పని లేదు" అన్నారు.

అలా గదిలోకి వెళ్ళాను. రోజూ ఆ జాకెట్టుని అక్కడే విడిచి, ముడి రవిక వేసుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

పేరంటాలి పూజ రోజు వచ్చింది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చెయ్యమన్నారు అత్తగారు. ఆ పొద్దున్న చేపలు పట్టే పల్లెకారుల పిల్లని ఒకదాన్ని తెచ్చారు, సముద్రం వైపు నుంచి పడవలో. రెండు రోజులుగా నొప్పులు. ఆ పిల్ల నా జుట్టు పట్టుకుని పీకింది, నా మణికట్టు కొరికింది, వాళ్ళ ఆయన్ని నేను వినని బూతులన్నీ తిట్టింది. తిట్టవే తల్లీ అన్నాను. మధ్యాహ్నం దాటాక బిడ్డ జారి నా చేతుల్లో పడింది. మొదట నీలంగా ఉంది. డాక్టరమ్మగారు కాళ్ళు పట్టి ఎత్తి వీపు మీద చరిచారు. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతవరకూ నా చేతుల్లోకి వచ్చిన బిడ్డ ఒక్కటే, నా బిడ్డ, అది ఏడవలేదు.

పూజకి ఆలస్యమైందని అప్పుడు గుర్తొచ్చింది. చీర మార్చుకున్నాను గానీ జాకెట్టు విప్పే తీరిక లేదు. పైట భుజాల నిండా కప్పుకుని గట్టు వెంట పరిగెత్తాను.

వాకిట్లో ముత్తైదువలు బారులు తీరి కూచున్నారు. కుండకి చీర చుట్టి పీట మీద పెట్టారు. పక్కన చాప మీద మొదటావిడ తల్లి కూచుని ఉంది. కోనసీమలో ఊరు ఆవిడది. ఏటా పడవెక్కి వచ్చి, కూతురి పేరు మీద మొదటి తాంబూలం పుచ్చుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. లోపల మా అత్తగారు భోషాణం మొత్తం కింద కుమ్మరించి దేనికోసమో వెతుకుతున్నారు. "పేరంటాలికి నిరుడు పెట్టిన రవికగుడ్డ ఏదర్రా? చిలకపచ్చది, ఎర్ర అంచుది" అని కేకలు. కుండ మీద చీర కింద ఒక రవికగుడ్డ మడిచి పెడతారనీ, దాన్ని దాచి ఏటా మళ్ళీ అదే పెడతారనీ నాకు ఎవరూ చెప్పలేదు. నాకు కనిపించింది ఎప్పుడూ పైనున్న చీరే.

నేను గడపలోనే నిలబడి పైట సర్దుకున్నాను. ఆవిడ బయటికి వచ్చి నా వైపు చూశారు. పైట కింద నుంచి మోచేతి దగ్గర ఎర్ర అంచు కనిపిస్తోంది.

"పురిటి గదిలోకి తొడుక్కెళ్ళావంటే? పేరంటాలి గుడ్డ?" అంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగారు. భుజం దగ్గర గుడ్డ పర్రున చిరిగింది. కుట్టు ఊడలేదు. అది చూసి ఆవిడకి ఇంకా మండింది. రెండు చేతులతో జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చారు. అంతలో మా ఆయన పశువుల పాకలోంచి ముల్లుకర్రతో వచ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది చెవి మీద. చెవిలో వంతెన మోతలన్నీ ఒక్కసారే మోగాయి. నోట్లో ఉప్పగా రక్తం. ముత్తైదువలు లేచి గోడ వైపు జరిగారు. కొందరు విస్తళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా జరిగారు, అది కూడా నేను చూశాను. ఒక్కరూ అడ్డం రాలేదు.

"రేపట్నుంచి నువ్వు గడప దాటితే కాళ్ళు విరగ్గొడతాను. ఆసుపత్రీ లేదు, ఏమీ లేదు" అన్నాడు మా ఆయన. నా మెడ పట్టుకుని కుండ దగ్గరికి ఈడ్చుకెళ్ళి, నుదురు నేలకేసి కొట్టాడు. "తప్పయిందని చెప్పవే పేరంటాలికి."

దెబ్బలకి కాదు, ఆసుపత్రీ లేదన్న మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఇందాక నా చేతుల్లో పడిన ఆ బిడ్డ బరువు ఇంకా పోలేదు. తల ఎత్తేసరికి ఎదురుగా కుండ. నిండా పసుపు నీళ్ళు. రెండు చేతులతో ఎత్తి ఆయన నెత్తి మీద వేశాను.

పగిలింది. కుండే పగిలిందో నెత్తే పగిలిందో ముందు తెలియలేదు. పసుపు నీళ్ళలో ఎర్రగా కలిసి కారింది. ఆయన కూలబడ్డాడు. చేతిలోని ముల్లుకర్ర లాక్కుని నేను ఒకటే అరుపు. ఏం అరిచానో నాకు తెలియదు. జుట్టు విరబోసుకుని ఉంది, ఒంటి నిండా పసుపు, నెత్తురు, చిరిగిన పేరంటాలి గుడ్డ. అత్తగారి వైపు కర్ర ఎత్తి వెళ్ళాను.

"పేరంటాలు వచ్చిందర్రా" అంది గోడ దగ్గర నుంచి ఎవరో ముసలామె.

అంతే. వాకిలంతా మోకాళ్ళ మీద పడింది. కర్పూరం వెలిగించారు. మా అత్తగారు నేల మీద సాగిలపడి, "శాంతించు తల్లీ, ఏం లోపం చేశామో చెప్పు తల్లీ" అంటున్నారు. నా జుట్టు పీకిన చేతులే నా పాదాలు పట్టుకున్నాయి. నాకు పూనకం రాలేదు. వచ్చింది ఒట్టి కోపం. ఆడదాని కోపాన్ని ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూసి ఎరగరు, కాబట్టి దేవత అనుకున్నారు.

చాప మీది నుంచి మొదటావిడ తల్లి లేచింది. ఇన్నేళ్ళలో నేను ఆవిడ గొంతు వినడం అదే మొదలు. నా ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"చెప్పమ్మా. నిన్ను కాలవ తీసుకుపోయిందా, మనుషులు తీసుకుపోయారా?"

ఆవిడ కూతురి సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసింది నా సంగతి. అదే చెప్పాను. "కడుపులో తన్నాడు. ఆరో నెలలో."

కింద కూలబడ్డ మా ఆయన రెండు చేతులూ జోడించాడు. నుదుటి మీది నుంచి రక్తం కళ్ళలోకి కారుతోంది. "చచ్చిపోతావనుకోలేదు" అన్నాడు. "అప్పటికే ఊపిరి లేదు కదా. ఊపిరి ఉంటే నీళ్ళలో వదిలేవాళ్ళమా? అమ్మనడుగు."

మా అత్తగారు నా పాదాల మీది నుంచి తల ఎత్తలేదు. ముత్తైదువల్లో ఎవరూ కదల్లేదు. వాకిట్లో కర్పూరం వాసన, పగిలిన పెంకులు. నా కాళ్ళ దగ్గర ఉన్న ఈ మనిషి కడుపులో తన్నిన మొదటి పెళ్ళాన్ని నేను కాదన్నమాట, అతనికి అలవాటైన పనేనన్నమాట. కర్ర నా చేతిలోనే ఉంది. ఇంకొక్కటి వేస్తే చచ్చేవాడు. వెయ్యాలని చాలా అనిపించింది. ఇప్పటికీ కొన్నిసార్లు అనిపిస్తుంది.

మొదటావిడ తల్లి నా మణికట్టు పట్టుకుంది. పల్లెకారుల పిల్ల కొరికిన చోటే పట్టుకుంది. "నా బిడ్డని నేను తీసుకుపోతున్నాను" అంది అందరికీ వినపడేలా. నన్ను నడిపించుకుంటూ గడప దాటింది. ఎవరు ఆపుతారు? పేరంటాలిని ఆపే ధైర్యం ఎవరికుంది? వీధి పొడుగునా జనం చెప్పులు విడిచి పక్కకి తప్పుకుని దణ్ణాలు పెట్టారు. నీళ్ళ బిందెలతో వచ్చే ఆడవాళ్ళు నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు. కొందరు పిల్లల్ని తెచ్చి నా చేతికి తాకించారు. మర్నాటికల్లా పూనకంలో మాటలు పట్టించుకోకూడదని ఊరు సర్దుకుందని తర్వాత విన్నాను. మునసబు గారి చెవిన కూడా వేశారట, ఆయన చెవులు మూసుకున్నారట. ఆ ఊరంటే నాకు అసహ్యం, దాచుకోను.

గట్టు మీద చాలా దూరం నడిచాం. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. పాపం, నన్ను కూతురే అనుకుంటోంది, ఎలా చెప్పను అని నేను లోపల్లోపల నలిగిపోతున్నాను. ధవళేశ్వరం దాటాం. రాజమంద్రి చేరాం. ఆసుపత్రి గేటు ముందు ఆవిడ ఆగి, చిరిగిన గుడ్డని నా భుజం మీదికి లాగి సర్దింది.

"నీ పేరేంటమ్మా?" అంది.

"నేను మీ అమ్మాయిని కానని మీకు తెలుసా?" అన్నాను.

"మా పిల్ల ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగదమ్మా. కొడితే పడి ఉండమని నేనే చెప్పి పంపాను. నువ్వు కుండ ఎత్తినప్పుడే అది నా కూతురు కాదని తెలిసింది."

"మరి ఎందుకు అలా అడిగారండీ?"

"అడక్కపోతే నిన్నూ చంపుతారు కదా. పై ఏటికి అక్కడ రెండు కుండలుంటాయి. రెండు తాంబూలాలు పుచ్చుకునే ఓపిక నాకు లేదు."

నేను నా పేరు చెప్పాను. ఆవిడ దాన్ని ఒకసారి నోట్లో అనుకుంది. చీకటి పడితే పడవ దొరకదని, రేవు వైపు నడిచి వెళ్ళిపోయింది.